నాలుగు చక్రాలకూ ఇంజిను బలం ఎప్పుడూ ఎందుకు ఇవ్వరు?

టొయోటా హైలక్స్ పికప్ మామూలు రోడ్డు మీద వెనక చక్రాల బలంతోనే నడుస్తుంది. డ్రైవరు నాబ్ తిప్పితేనే ముందు చక్రాలకూ ఇంజిను బలం అందుతుంది. ఎప్పుడూ నాలుగింటికీ ఇచ్చేస్తే పోలేదా అంటారా? చిక్కంతా మలుపులో ఉంది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటికంటే పెద్ద వంపు తీసుకుంటాయి, అంటే ఎక్కువ దూరం పోవాలి. నాబ్ తిప్పాక మాత్రం ముందూ వెనకా ఇరుసులు ఒకే వేగానికి బిగుసుకుంటాయి. మూడుకాళ్ల పరుగులో కాళ్లు కట్టుకున్న ఇద్దరు స్తంభం చుట్టూ తిరగబోతే, బయటివాడు పెద్ద అడుగు వేయలేడు చూడండి, అదే అవస్థ! బురదలోనో ఇసుకలోనో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారురోడ్డు జారనివ్వదు. బండి పట్టేసినట్టవుతుంది, టైర్లు అరుగుతాయి, లోపలి పళ్లచక్రాల మీద ఒత్తిడి పడుతుంది.

మరి మొదటి తరం ఫోక్స్‌వ్యాగన్ అమరాక్ పికప్‌లో కొన్ని రకాలు ఎప్పుడూ నాలుగు చక్రాలతోనే నడుస్తాయి కదా? నిజమే. వాటిలో రెండు ఇరుసుల నడుమ డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక ఉంటుంది. అది రెండింటికీ బలం పంచుతూనే, వేరువేరు వేగాలతో తిరగనిస్తుంది. వానకు తడిసిన ఘాట్‌రోడ్డు మీద ఆ పద్ధతిదే పైచేయి. కాకపోతే భాగాలు ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. ఏడాదిలో చాలా రోజులు పొడి రోడ్డు మీద సరుకు మోసే బండికి నాబ్ పద్ధతే చాలని నా అభిప్రాయం.