పై మడి రైతు నీళ్లెందుకు వదిలాడు?

ఏమర్రా, బాలి అనగానే సముద్రమూ, హనీమూన్ ఫొటోలేనా మీకు గుర్తొచ్చేవి? ఇవాళ సముద్రం సంగతి పక్కన పెట్టి కొండెక్కుదాం రండి. బాలి ముఖ్యనగరం దేన్‌పసార్ నుంచి వాయవ్యంగా 50 కిలోమీటర్ల దాకా వెళ్తే, తబానాన్ జిల్లాలో జతిలువి అనే పల్లె తగులుతుంది. 2,276 మీటర్ల బతుకారు అగ్నిపర్వతం వాలు మీద, సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఊరి చుట్టూ ఎటు చూసినా మెట్లు మెట్లుగా వరి మళ్లే. గట్టుకో చిన్న గుడి, అందులో దేవి శ్రీ. మన శ్రీదేవే, కాకపోతే అక్కడ ఆవిడ వరికి దేవత.

ఈ ఊరి పొలాలతో కలిపి బాలిలో అయిదు చోట్లని యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందం ఎలాగూ ఉంది, కానీ అసలు గొప్ప ఆ మళ్లకి నీళ్లు పంచే పద్ధతిది. ఒక నీటి వనరు కింద సాగు చేసుకునే రైతులందరూ ఒక సంఘం. దాన్ని సుబక్ అంటారు. 11వ శతాబ్దపు శాసనాల్లోనే దాని ఊసు ఉంది. ఇప్పుడు బాలి మొత్తం మీద 1,200 దాకా ఉన్నాయి, ఒక్కోదాంట్లో 50 నుంచి 400 మంది రైతులు. సంఘం పెద్ద పేరు పెకసే. మన వైపు నీరటి చేసే పనీ, నీటి సంఘం అధ్యక్షుడు చేసే పనీ రెండూ ఆయన నెత్తినే ఉంటాయి. పైగా గుళ్లో పూజలు కూడా చూసుకోవాలి.

నీటి వంతులు ఎలా వేస్తారో చూడండి, నాకు భలే నచ్చిన సంగతి ఇది. కాలవకి అడ్డంగా ఒక దుంగ వేస్తారు. దాని పై అంచున గాళ్లు కొడతారు. గాళ్లన్నిటికీ లోతు ఒక్కటే, వెడల్పులే వేరు. ఎక్కువ పొలం ఉన్న వైపు వెడల్పు గాడి, తక్కువ ఉన్న వైపు సన్నగాడి. లోతు ఎందుకు సమానంగా ఉంచారంటారు? ఒక గాడి లోతుగా, ఇంకోటి పైపైన ఉంటే, కాలవ తగ్గిన రోజున నీళ్లన్నీ లోతు గాడిలోంచే పోతాయి, రెండోవాడికి చుక్క రాదు. లోతు ఒక్కటే అయితే వరదొచ్చినా, ఎద్దడొచ్చినా ఎవరి వంతు వారిదే. మీటరు లేదు, కరెంటు లేదు. ఎవడైనా గాడి చెక్కి పెద్దది చేశాడా, దారిన పోయే ప్రతివాడికీ కనబడుతుంది!

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు అసలు చిక్కు. కాలవ మొదట్లో ఉన్న రైతు దుంగని, గాళ్లని ఎందుకు లెక్కచేయాలి? నీళ్లు ముందు వచ్చేది తన పొలంలోకే. మన కాలవల కింద శివారు భూముల గోడు మీకు తెలిసిందేగా. ఎగువ వాళ్లు తూము ఎత్తేస్తే దిగువ వాళ్లు ఆకాశం వంక చూడాల్సిందే. మరి బాలిలో పై మడి రైతు అంత ధర్మాత్ముడా?

ధర్మం సంగతి దేవుడెరుగు, అతని చేత నీళ్లు వదిలించేది సుడిదోమ. గింజంత పురుగు. నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది, చేను వలయాలు వలయాలుగా ఎండిపోతుంది. తిండి పుష్కలంగా ఉన్నంతకాలం పొట్టి రెక్కలతో అక్కడే ఉండి సంతానం పెంచుతుంది. దుబ్బు ఎండి తిండి కరువైతే పొడుగు రెక్కల తరం పుట్టి పక్క చేలకి ఎగిరిపోతుంది. దీన్ని, ఎలుకల్ని, పచ్చదోమ మోసుకొచ్చే టుంగ్రో వైరస్‌ని ఆపడానికి ఒక్కటే పాత ఉపాయం ఉంది. చుట్టుపక్కల అందరూ ఒకేసారి నాట్లు వేసి, ఒకేసారి కోసి, ఒకేసారి పొలాలు ఖాళీగా ఉంచాలి. బొద్దింకల సంగతే తీసుకోండి. వాడంతా ఒకేసారి వంటిళ్లు కడిగి మూసేస్తే అవి ఆకలికి చస్తాయి. ఒక్కింట్లో అన్నం గిన్నె మూత తీసి ఉంచినా చాలు, అన్నీ అక్కడికే చేరి బతికిపోతాయి.

మరి దిగువ వాడు కూడా అందరితోపాటు నాటాలంటే వాడికీ నీళ్లు సమయానికి అందాలి. అందకపోతే వాడు వెనక నాటతాడు, వాడి చేలో పెరిగిన దోమ ఎగువకి వస్తుంది. స్టీఫెన్ లాన్సింగ్ అనే మానవశాస్త్రవేత్త రైతుల్ని అడిగి చూస్తే, దిగువ వాళ్లు నీటి కొరత గురించి, ఎగువ వాళ్లు పురుగుల గురించి ఎక్కువ బెంగపడ్డారు. ఎవరి భయం వారిది, రెండూ కలిసి ఒప్పందమైంది. ఏ సుబక్ ఎప్పుడు నాటాలో, కొన్ని సుబక్‌లకి ఉమ్మడిగా ఉండే నీటి గుళ్ల దగ్గర కూర్చుని తేల్చుకుంటారు.

1970ల్లో హరిత విప్లవం బాలికీ వచ్చింది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఐఆర్ 8 అనే పొట్టి వరి పండించి పేరు తెచ్చుకున్నారు చూడండి, అక్కడ కూడా ఆ కుటుంబపు పొట్టి రకాలే. దిగుబడి పెరిగిన మాట నిజం, ఆ రకాలని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ దాంతోపాటు, గుడి క్యాలెండర్ ఎందుకు, ఎవరి వీలు కొద్దీ వాళ్లు వరి మీద వరి వేసుకోండి అన్నారు అధికారులు. దాంతో నీళ్ల వరసా చెడింది, పురుగూ విరుచుకుపడింది. మందు కొడితే దోమని తినే సాలీళ్లు ముందు చచ్చాయి. దోమకి తట్టుకునే రకం తెస్తే దాన్ని టుంగ్రో పట్టుకుంది. మందుల వల్లే దోమ ఎక్కువవుతోందని తేలాక, 1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులని నిషేధించింది.

లాన్సింగ్ ఇంకో పని చేశాడు. జేమ్స్ క్రెమర్ అనే పర్యావరణ శాస్త్రవేత్తతో కలిసి ఊస్, పెతాను అనే రెండు నదుల కింది 172 సుబక్‌లని కంప్యూటర్లో నమూనాగా పెట్టాడు. ఆ నదులు జతిలువి దగ్గరివి కావు, తూర్పున ఉన్నాయి. అందరూ ఒక్కసారే నాటితే పురుగు తగ్గుతుంది గానీ నీళ్లు చాలవు. ఎవరికి వారే అయితే నీళ్లు చాలతాయి గానీ పురుగు తినేస్తుంది. కంప్యూటర్లో ప్రతి సుబక్‌కీ ఒకటే నియమం పెట్టారు: పక్కవాళ్లలో ఎవరికి బాగా పండిందో చూసి, వచ్చే ఏడాది వాళ్లలాగే వెయ్యి. మొదట అంతా కలగాపులగం. కొన్నేళ్లు తిరిగేసరికి మాత్రం సుబక్‌లు గుంపులు గుంపులుగా సర్దుకున్నాయి, అవి దాదాపుగా నీటి గుళ్ల గుంపుల్లాగే వచ్చాయి. 1993లో ఈ పరిశోధన అచ్చయింది. పై నుంచి ఏ ఇంజనీరూ గీయకుండానే ఆ ఏర్పాటు కుదరగలదన్నమాట.

ఎరువుల ముచ్చట కూడా చెప్పేస్తాను. అగ్నిపర్వతపు రాళ్లలోంచి కారి వచ్చే నీళ్లలోనే భాస్వరం, పొటాష్ కరిగి ఉంటాయి. మడిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. ఇవి ఉండగానే హరిత విప్లవం రోజుల్లో సంచులకి సంచులు ఎరువు గుమ్మరిస్తే, మిగిలింది నదుల వెంట కొట్టుకుపోయి సముద్రంలో పగడపు దిబ్బల మీద పడింది.

జతిలువిలో పాతకాలపు ఎర్ర బియ్యం రకం ఇంకా వేస్తారు. మనిషి నడుము దాటే పైరు, పంటకి అయిదారు నెలలు పడుతుంది. వేళ్ల మధ్య ఇమిడే చిన్న కత్తి పట్టుకుని కంకి కంకీ కోస్తారు. కోతలయ్యాక ఖాళీ మళ్లలోకి బాతుల్ని తోలితే, అవి రాలిన గింజలూ పురుగులూ ఏరుకు తింటాయి.

ఈసారి ఫోన్లో శాటిలైట్ మ్యాప్ తెరిచినప్పుడు బాలి కొండవాలుని దగ్గరగా లాగి చూడండి. ఒక పట్టీ పచ్చగా, పక్కది కోసేసి పసుపుగా, ఇంకోటి నీళ్లు పెట్టి మెరుస్తూ కనబడితే, ఆ పట్టీల అంచుల్ని వేలితో గీసుకుంటూ వెళ్లండి. ఒక రంగు ఉన్నంత మేరా రైతులంతా కూడబలుక్కుని నాటారని లెక్క. 2017లో లాన్సింగ్ బృందం ఇలాగే ఉపగ్రహ చిత్రాల్లో ఆ పట్టీల్ని కొలిచింది.