డేటా పరిమితి గల సర్వరు: మిరప సలహా సేవకు వినియోగ అంచనా

2021లో నల్ల తామర పురుగు పల్నాటి మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. పువ్వుల్లో చేరి రసం పీల్చే ఈ పురుగు ఉధృతమైనప్పుడు సలహా రైతుకు వెంటనే అందాలి. ఆ సలహాను చిత్రాలు, వీడియోలతో సర్వరు ద్వారా అందించేటప్పుడు, నెలవారీ డేటా పరిమితి సరిగ్గా ఆ రోజుల్లోనే ముగిసిపోయే ప్రమాదం ఉంది.

బ్యాండ్‌విడ్త్, డేటా పరిమాణం ఒకటి కావు. సాగర్ కుడి కాలువ ఆయకట్టులో పనిచేసేవారికి ఈ భేదం కొత్త కాదు. క్యూసెక్కు ప్రవాహపు రేటు. టీఎంసీ మొత్తం నీటి పరిమాణం. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. అదే విధంగా, సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున రెండు నిమిషాల వీడియో ప్రసారమైతే 120 మెగాబిట్లు, అనగా 15 మెగాబైట్లు ఖర్చవుతాయి. బైటుకు ఎనిమిది బిట్లన్న సంగతి మరచి వేసిన అంచనా ఎనిమిది రెట్లు తప్పుతుంది.

ఉదాహరణకు, నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో 5,000 మంది రైతులు నెలకు ఎనిమిదిసార్లు చొప్పున సలహా పేజీని తెరుస్తారని, సర్వరు పరిమితి 300 గిగాబైట్లని అనుకొందాం. మూడు చిత్రాలతో కూడిన పేజీ ఒక మెగాబైటు ఉంటే, 40,000 వీక్షణలకు 40 గిగాబైట్లు. నాలుగింట ఒక వీక్షణలో వీడియో చూస్తే మరో 150. మొత్తం 190 గిగాబైట్లు. పరిమితికి చాలా లోపలే.

అయితే పురుగు సగటు చూసి రాదు. నెల రెండవ పక్షంలో వీక్షణలు మూడు రెట్లయితే వినియోగం 380 గిగాబైట్లకు చేరుతుంది; 26వ రోజునే పరిమితి నిండుతుంది. అందువల్ల అంచనాకు ఆధారం సాధారణ మాసం కాదు, ఉధృతి మాసం.

పరిమితిని పెంచడానికి ముందు వీడియోను పరిశీలించాలి. దానిని సెకనుకు 400 కిలోబిట్లకు కుదిస్తే ఆరు మెగాబైట్లే అవుతుంది. ఉధృతి మాసపు వినియోగం 200 గిగాబైట్లకు దిగుతుంది. అదే సలహాను 32 కిలోబిట్ల ధ్వని రూపంలో ఇస్తే అర మెగాబైటు కూడా పట్టదు. చిన్న తెరపై పురుగును గుర్తుపట్టడానికి స్పష్టమైన ఒక్క చిత్రం చాలాసార్లు వీడియో కన్నా మేలు.

రైతులు పంపే ఫోటోల లెక్క వేరు. కొన్ని సేవా సంస్థలు బయటకు వెళ్ళే డేటానే లెక్కిస్తాయి, మరికొన్ని రెండు వైపులా లెక్కిస్తాయి. మూడు మెగాబైట్ల ఫోటోలు 4,000 వస్తే 12 గిగాబైట్లు. స్వయంచాలక వాతావరణ కేంద్రం పావుగంటకొకసారి అర కిలోబైటు పంపినా, నెలకు ఒకటిన్నర మెగాబైట్లు దాటదు. దానిని లెక్కలో విడిచిపెట్టవచ్చు.