ఆ విద్యార్థులు సైకిల్ ఎందుకు తొక్కుతున్నారు?

క్యాన్సర్ మీద పోరాటమంటే ఆపరేషన్, కరెంటు పెట్టించడం అనుకుంటాం. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం విద్యార్థులు సైకిలెక్కుతారు. 2004లో మొదలైన 'టెక్సాస్ 4000' యాత్రలో ఆస్టిన్ నుండి అలాస్కా దాకా 4000 మైళ్లకు పైగా, అంటే సుమారు 6,400 కిలోమీటర్లు తొక్కుతారు. దీనిని ప్రారంభించిన క్రిస్ కాండిట్ చిన్నతనంలో క్యాన్సర్ వచ్చి కోలుకున్నవారే. చేరేవారిలో చాలామందికి కారణం ఇంట్లోనే ఉంటుంది: అమ్మ, తాత, స్నేహితుడు. విరాళాలు పోగుచేయడంతోపాటు దారిలోని ఊళ్లలో క్యాన్సర్ గురించి చెబుతారు. నా మటుకు డబ్బుకంటే ఈ చెప్పడమే పెద్ద పని.

మన కొండల్లో విద్యార్థి ఎవరిని తలచుకుని సైకిలెక్కుతాడు? బహుశా అమ్మమ్మను. చుట్ట నిప్పును నోటిలోపల పెట్టి పీల్చే అడ్డపొగ శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో పెద్దవయసు ఆడవారికి ఎప్పటినుండో ఉన్న అలవాటు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి తెల్లబడి, మందమై, ఎర్రటి చుక్కలు తేలతాయి. కొందరిలో అదే క్యాన్సర్‌గా మారుతుంది. మొదట్లో నొప్పి ఉండదు కనుక ఎవరూ రారు. నొప్పి మొదలయ్యాక అనంతగిరి ఘాట్ దిగి వంద కిలోమీటర్లకు పైగా విశాఖకు పోవాలి.

ఈ వారం మీ ఇంటి పెద్దవారిని వెలుతురులో కూర్చోబెట్టి, కట్టుడు పళ్లుంటే తీయించి, టార్చిలైటుతో అంగిలి చూడండి. తెల్లమచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే ఆస్పత్రికి తీసుకురండి. అప్పుడు మాత్రం చుట్ట గురించి తిట్టకండి. తిడితే నోరు తెరవరు.