కాస్త అడ్జస్ట్ అవుతారా?

ముంబై లోకల్ రైల్లో ముగ్గురి బెంచీపై నాలుగో మనిషి కూర్చోవడం అలిఖిత హక్కు. అందుకు పెట్టుకునే దరఖాస్తు ఒకే ఒక్క మాట: అడ్జస్ట్. హైదరాబాద్ సిటీ బస్సులోనూ అదే మంత్రం. కూర్చున్నవారు తలా కాస్త జరుగుతారు, తగువుకు దిగేవారు తక్కువ.

ఇంగ్లండ్‌లో ఈ క్రియ చేసే పని వేరు. అక్కడ గడియారాన్నో, కారు అద్దాన్నో అడ్జస్ట్ చేస్తారు. మనిషి గురించి వాడితే కొత్త ఊరికో, కొత్త ఉద్యోగానికో అలవాటు పడ్డాడని అర్థం. దేనికి అన్నది కూడా సాధారణంగా చెబుతారు. మన దగ్గర 'ప్లీజ్ అడ్జస్ట్' అంటే చాలు. దేనికి, ఎంత, ఎన్నాళ్లు అన్న ప్రశ్నలు ఉండవు.

నిజానికి తెలుగువారు 'సర్దు' అనే పాత క్రియ చేసే పనులను ఈ కొత్త మాటకు అప్పగించారు. బస్సులో సర్దుకుని కూర్చుంటాం. స్నేహితుడికి వెయ్యి రూపాయలు సర్దుతాం. కాపురంలో సర్దుకుపోతాం. ఈ మూడుచోట్లా 'అడ్జస్ట్' చక్కగా ఇమిడిపోతుంది. 'ఓ వెయ్యి అడ్జస్ట్ చేస్తావా' అంటే చేబదులు అడుగుతున్నారని ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. మాట ఇంగ్లిష్‌ది, అర్థం మనది.

అయితే అరువు మాటతో ఒక సౌలభ్యం ఉంది. 'భరించు', 'లొంగిపో' అనడానికి నోరు రానిచోట అది మర్యాదగా పని కానిస్తుంది. అత్తారింట్లో ఇబ్బందిగా ఉందని కూతురు ఫోన్ చేస్తే, 'కొన్నాళ్లు అడ్జస్టయిపోమ్మా' అన్నది చాలా ఇళ్లలో వినిపించే జవాబే. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 2006 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చింది. ఆ సలహా మాత్రం ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది.

సినిమా రంగంలో ఈ మాట మరింత దిగజారింది. మలయాళ చిత్రసీమలో మహిళల స్థితిగతులపై కేరళ ప్రభుత్వం 2017లో జస్టిస్ కె. హేమ కమిటీని వేసింది. తెనాలిలో పుట్టిన నటి శారద అందులో సభ్యురాలు. 2019 చివర్లో ప్రభుత్వానికి అందిన నివేదిక 2024 ఆగస్టులోగానీ వెలుగు చూడలేదు. అవకాశాలు కావాలంటే 'అడ్జస్ట్‌మెంట్', 'కాంప్రమైజ్'లకు సిద్ధపడాలని మహిళలపై వచ్చే ఒత్తిడి అందులో నమోదైంది. అక్కడ ఆ మాటలకు అర్థం లైంగిక కోరికలకు తలవంచడమే.

రైల్లో ముగ్గురూ జరుగుతారు, నాలుగో మనిషి అంచున సరిపెట్టుకుంటాడు, స్టేషన్ రాగానే ఇరుకు తీరిపోతుంది. కాపురంలోనూ, కెమెరా వెనకా జరగమనేది ఒక్కరినే. దిగాల్సిన స్టేషన్ ఎప్పుడొస్తుందో కూడా వారికి ఎవరూ చెప్పరు.