బడి మెట్లెక్కని చదువుకు తూర్పు తీరమే పాఠశాల

చెన్నై: పిల్లలను బడికి పంపక ఇంటివద్దనే చదివించుకునే కుటుంబాలు మన దేశంలో తక్కువే. అటువంటి వారికి యాత్ర సెలవుల సరదా కాదు, చదువులో ఒక భాగం. చెన్నై నుంచి దక్షిణంగా సాగే తూర్పు తీర రహదారిపై వారు కారులో బయలుదేరితే రెండువేల యేళ్ల చరిత్ర దారి పొడవునా ఎదురవుతుంది.

తొలి మజిలీ మామల్లపురం. ఏడు, ఎనిమిది శతాబ్దాలనాటి ఈ పల్లవ శిల్పసముదాయాన్ని యునెస్కో 1984లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పంచరథాలు బండను ఉన్నచోటే తొలిచి మలచినవి కాగా, తీర దేవాలయం రాళ్లు పేర్చి కట్టినది. రెండింటినీ ఒకే రోజున చూసిన బాలునికి శిల్పుల పద్ధతి ఎలా మారిందో వేరే చెప్పనక్కరలేదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలలో 15 యేళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం కావడం తల్లిదండ్రులకు కొంత ఊరట.

పుదుచ్చేరి చెంత ఉన్న అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలు రోము సామ్రాజ్యంతో సాగిన వర్తకాన్ని వెలికితీశాయి. ఇంకా దక్షిణంగా వెళితే తరంగంబాడి. తెలుగు కవిగా కూడా ప్రసిద్ధుడైన తంజావూరు నాయకరాజు రఘునాథుని అనుమతితో 1620లో డేనిష్ వర్తకులు ఇక్కడ కోట కట్టుకున్నారు. 1845లో దానిని ఆంగ్లేయులకు అమ్మివేశారు.

వేదారణ్యంలో ఉప్పుమళ్లే పాఠ్యపుస్తకం. 1930 ఏప్రిల్ 13న రాజగోపాలాచారి సత్యాగ్రహులతో తిరుచిరాపల్లి నుంచి కాలినడకన బయలుదేరి, నెలాఖరులో ఇక్కడ ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించారు. ఉప్పు తయారీ ఈ ప్రాంతంలో నేటికీ జీవనాధారంగానే ఉండటం గమనార్హం. చివరి మజిలీ ధనుష్కోడి. ఒకప్పుడు సింహళానికి స్టీమర్లు బయలుదేరిన ఈ పట్టణం 1964 డిసెంబరులో వచ్చిన తుఫానులో నేలమట్టమయింది. పాసింజరు రైలొకటి ప్రయాణికులతో సహా కొట్టుకుపోయింది. శిథిలమైన చర్చి గోడలు ఆ రాత్రికి సాక్ష్యంగా నిలిచాయి.

అయితే ఈ చదువును చట్టం ఏ దృష్టితో చూస్తుందన్నదే చిక్కు ప్రశ్న. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 యేళ్ల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను హామీ ఇచ్చింది. పిల్లలను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని పదవ సెక్షను చెబుతోంది. కాగా, చేర్పించని వారికి శిక్ష ఏమిటో చట్టంలో లేదు. ఇంటి చదువును అది పేరెత్తి అనుమతించనూ లేదు, నిషేధించనూ లేదు. ఈ సందిగ్ధంలోనే ఆ కుటుంబాలు కాలం వెళ్లబుచ్చుతున్నాయి.

ధ్రువపత్రం మాత్రం తప్పనిసరి. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా 14 యేళ్లు నిండిన వారు పదవ తరగతితో సమానమైన పరీక్షకు పేరు నమోదు చేసుకోవచ్చు. పై చదువులకు ఇదే చాలామందికి ఆధారం. తీరం వెంట చూసినదంతా మార్కుల పత్రంలోకి ఎక్కదు గనుక, యాత్ర ముగిసిన తర్వాత గణితం, సామాన్యశాస్త్రం పుస్తకాలతో మళ్లీ కుస్తీ పట్టక తప్పదు.

ఖర్చు సంగతీ ఉంది. తల్లిదండ్రులలో ఒకరు ఉద్యోగం మానుకోగలిగిన ఇంటనే ఈ పద్ధతి సాగుతుంది. కూలికి వెళ్లే కుటుంబాలకు బడియే దిక్కు, మధ్యాహ్న భోజనం దొరికేదీ అక్కడే. కనుక అందరికీ ఇంటి చదువు మార్గం కాబోదు. కాని 2020 నాటి జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల కాలంలో పది రోజులపాటు పుస్తకాల సంచీ లేని చదువును సూచించింది. రాష్ట్రాలు ఆ రోజులకు బస్సులు, బడ్జెట్ సమకూర్చగలిగితే సర్కారు బడి పిల్లలు కూడా ఈ రహదారి పాఠాలు నేర్చుకునే వీలుంటుంది.