కంప్యూటరునకు సంజీవని

వానలు పడకమునుపే యింటి పెంకులు సర్దించుకొందుము. పసిబిడ్డలున్న యింట జ్వరపుమందు సీసా యెల్లప్పుడును సిద్ధముగ నుంచుకొందుము. అయినను, పిల్లల చదువులు, ఇంటి లెక్కలు, పెండ్లి ఛాయాచిత్రములు అన్నియు నొక్క కంప్యూటరులో దాచుకొనియు, అది మూర్ఛిల్లిన నాడు దానిని మేల్కొలుపు సాధన మేదియో విచారింపము. ఇది యితరులను దూఱుట కాదు. మేమును అట్లే యేమఱియుండి కష్టపడితిమి. ఆ కష్టమువలన నేర్చినది మీకు నివేదించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా నాయనగారు తిక్కన విరాటపర్వమునకు వ్రాసికొనిన టిప్పణులు మూడు నోటుపుస్తకములలో నుండెడివి. మాకు అక్షరాభ్యాసము చేయించిన చేతివ్రాత యది. అందు రెండింటికి చెదలు పట్టెను. పోయినది పోగా, చదువుటకు వీలైన దానినంతయు రెండేండ్లపాటు, రాత్రి వంటయింటి పని ముగిసిన పిమ్మట, మా ల్యాప్‌టాపులో ఎక్కించితిమి. 2025వ సంవత్సరము మాఘమాసమున నొకనాటి రాత్రి అప్‌డేటు జరుగుచుండగా కరెంటు పోయెను. దాని బ్యాటరీ యెన్నడో పాడైనది గనుక యంత్రము తటాలున ఆఱిపోయెను. మఱునాడు మీట నొక్కగా తెఱ వెలిగెను. చిన్న చుక్కలు గుండ్రముగ తిరిగెను. మఱల నంతయు చీకటి. పదిసారులు ప్రయత్నించినను అదియే వరుస.

మా వారు దానిని పట్టణములోని మరమ్మతు దుకాణమునకు గొనిపోయిరి. “ఉన్నదంతా తుడిచేసి కొత్తగా వేయాలండీ. లోపలి ఫైళ్లు దక్కవు” అని యాతడు చెప్పెనట. మా వారు మాఱు పలుకక యంత్రమును ఇంటికి తెచ్చి బల్లపై నుంచిరి. ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

ఇచ్చట కొంచెము వివరింపవలెను. కంప్యూటరులో మన వ్రాతలు వేఱు, ఆ యంత్రమును నడిపించు విండోస్ వేఱు. రెండును ఒకే డిస్కులో కాపురముండును. విండోస్ చెడినంత మాత్రమున వ్రాతలు చెడినట్లు కాదు. తలుపు తాళము బిగిసిపోయినచో ఇంటిలోని బియ్యము పాడగునా? లోనికి పోవుటకు వేఱొక త్రోవ కావలెను, అంతే. ఆ త్రోవయే బూటు చేయదగిన పెన్‌డ్రైవు. అందు యంత్రమును మేల్కొలుపుటకు చాలినంత విండోస్ ఉండును. డిస్కును నమ్ముకొనక కంప్యూటరు దానినుండియే లేచును.

మా ఆడపడుచు ప్రక్కవీధిలో నున్నది. ఆమె కంప్యూటరులో మైక్రోసాఫ్ట్ వారి విండోస్ 11 ఫైలును దింపి, పెన్‌డ్రైవులోనికి నకలు చేసి తెచ్చితిమి. మా యంత్రము దానివంక కన్నెత్తి చూడలేదు. “వదినా, ఫైలు పెట్టావు సరే, దాన్ని బూటయ్యేట్టు చేశావా?” అని ఆమె యడిగెను. ఐ.ఎస్.ఓ. అను ఆ ఫైలు మూత తీయని డబ్బా వంటిది. అట్లే నకలు చేసిన ప్రయోజనము లేదు. మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్ అను సాధనముచేత పెన్‌డ్రైవును సిద్ధపఱపవచ్చును. దానికి 8 జీ.బీ. చాలును. అయితే పెన్‌డ్రైవులో మున్నున్నదంతయు తుడిచిపెట్టుకొని పోవును గనుక ఖాళీదానినే వాడవలెను.

అట్లు చేసి తెచ్చినను యంత్రము మఱల తన చెడిన డిస్కువంకకే పోయెను. ముందు దేనిని చూడవలెనో మనమే చెప్పవలెను. మీట నొక్కిన వెంటనే కీబోర్డుపై నొక మీటను పలుమాఱు తట్టినచో బూట్ మెనూ వచ్చును. డెల్, లెనోవో యంత్రములలో నది సాధారణముగ ఎఫ్ 12, హెచ్.పీ. యంత్రములలో ఎఫ్ 9. ఆ పట్టికలో మా పెన్‌డ్రైవు పేరు కనబడినప్పుడు ప్రాణము లేచి వచ్చెను.

తరువాతి తెఱపై ఇన్‌స్టాల్ అను మాట పెద్దదిగ నుండును. దాని జోలికి పోరాదు. అది పాతదానిని తుడిచివేయు త్రోవ. రిపేర్ అను మాటను వెదకి దానిని నొక్కవలెను. మేమట్లు చేయగా బిట్‌లాకర్ 48 అంకెల తాళము నడిగెను. దొంగలు చదువకుండ డిస్కునకు వేయు తాళ మది. మా వారు ఫోనులో తమ మైక్రోసాఫ్ట్ ఖాతా తెఱచి చూడగా ఆ యంకెలు అందే యుండెను. వారొక్కొక్క యంకెను చదువగా మేము నొక్కితిమి. ఆ యంకెలు దొరకకున్నచో మా నాయనగారి వ్రాత యంతటితో సరి.

పిమ్మట యంత్రమును బాగుచేయుటకు తొందరపడలేదు. ముందుగ వ్రాతలను దక్కించుకొంటిమి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అను వానిలో కమాండ్ ప్రాంప్ట్ కలదు. అందు నోట్‌ప్యాడ్ అని ఆంగ్లాక్షరములతో కొట్టగా నోట్‌ప్యాడు తెఱచుకొనెను. దాని ఫైల్, ఓపెన్ అను వానిని నొక్కి, అన్ని రకముల ఫైళ్లును చూపునట్లు చేయగా, డిస్కులోని సంచులన్నియు కనబడెను. ఎప్పుడును సీ అను డ్రైవు అచ్చట డీ అని కనబడవచ్చును, బెదరనక్కఱలేదు. టిప్పణుల సంచిని నకలు చేసి మఱియొక పెన్‌డ్రైవులో దింపితిమి. పిదపనే మరమ్మతు. స్టార్టప్ రిపేర్ విఫలమయ్యెను. కడపటి అప్‌డేటును తొలగించు మార్గమును అనుసరింపగా, రెండు గడియలలో యంత్రము కన్ను తెఱచెను.

యుద్ధభూమిలో లక్ష్మణుడు పడియుండగా హనుమంతుడు మందుమొక్కను గుర్తింపలేక కొండనే పెకలించి తెచ్చెను. మన కంతటి బలము లేదు గనుక మందును ముందే యింట నుంచుకొనుట మేలు. ఆరోగ్యముగ నున్న కంప్యూటరులో వెదకుచోట రికవరీ డ్రైవ్ అని కొట్టినచో సాధనము దొరకును. సిస్టమ్ ఫైళ్లను కూడ నకలు చేయు గడిలో గుర్తు పెట్టవలెను. 16 జీ.బీ. పెన్‌డ్రైవు చాలవచ్చును గాని 32 జీ.బీ. అయిన నిశ్చింత. గంటయో, అంతకు మించియో పట్టును. మధ్యాహ్నపు వంట పొయ్యిమీద నుండగా చేసికొనదగిన పని. అది ఆ యంత్రమునకే తగినది; పొరుగింటివారి యంత్రమునకు ఎరువిచ్చునది కాదు.

చేసిన నాడే దానినుండి యొకసారి యంత్రమును లేపి చూడవలెను. తెఱ వచ్చినచో ఏమియు మార్పక ఆర్పివేయవచ్చును. లేవకున్నచో ముందుగ వేఱొక రంధ్రమున పెట్టి చూడుడు, హబ్బులో పెట్టకుడు. పెన్‌డ్రైవు ఫ్యాట్ 32 పద్ధతిలో నున్నదా యని చూడుడు. నేటి యంత్రములు ఎక్కువగ దానినే గుర్తించును. సెక్యూర్ బూట్ అను కావలి, గుర్తెఱుగని పెన్‌డ్రైవును లోనికి రానీయదు. మైక్రోసాఫ్ట్ సాధనముతో చేసినదానికి సాధారణముగ అడ్డుండదు గనుక, ఆ కావలిని తొలగించుటకు తొందరపడకుడు. దానిని మార్చినచో బిట్‌లాకర్ తాళము నడుగవచ్చును. ఇవన్నియు చేసినను లేవకున్నచో పెన్‌డ్రైవే పాతబడినదేమో, క్రొత్తది కొనుడు.

ఒక్క మాట మాత్రము మఱవకుడు. రికవరీ డ్రైవు యంత్రమును బ్రతికించును గాని మీ వ్రాతలను దాచదు. డిస్కే విఱిగిపోయినచో మాకు ఆ రాత్రి దక్కినది దక్కెడిది కాదు. వ్రాతలకు వేఱొక నకలు, వేఱొక చోట నుండవలెను.

ఇప్పుడు మా యింట ఆవకాయ పెట్టు వారమే రికవరీ డ్రైవును మఱల చేయు వారము. మైక్రోసాఫ్ట్ వారును ఏటేట క్రొత్తగ చేసికొనుమనియే చెప్పుచున్నారు. జాడీకి కట్టినట్లే దానికిని తేది వ్రాసిన చీటీ కట్టుదుము. 48 అంకెలను కాగితముపై వ్రాసి యింటి దస్తావేజులతో పెట్టెలో నుంచితిమి. టిప్పణుల నకలు మా ఆడపడుచు నింట నొకటి యున్నది. చెదలు వదలిన మూడవ నోటుపుస్తకమును మాత్రము మా చేతికందు నలమరలోనే యుంచుకొంటిమి.