చెక్క మీద పేరు చెక్కే చిన్న మర



వంటా వార్పూ చూసుకునే ఆడవాళ్ళకి ఈ మరగొడవ ఎందుకండీ అని మీలో కొందరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. మా అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ ఒక పెట్టె నా గదిలో దించి, "అమ్మా, ఇది పారెయ్యకు" అని చెప్పి వెళ్ళాడు. నాలుగు నెలల పాటు దాని మీద మడత పెట్టిన దుప్పట్లు పేర్చుకున్నాను. ఈలోగా ఊళ్ళో మా అత్తవారి పాత ఇల్లు పడగొట్టారు. వీధి తలుపు టేకులో చెద ముట్టని ముక్క ఒక్కటే మిగిలింది. జానెడు వెడల్పు, మూరకి తక్కువ పొడవు. ఆ ఇంటి గోడ మీద "రాధా నిలయం" అని రాసి ఉండేది. రాధ అన్నది అత్తయ్యగారి అత్తగారి పేరు. ఆ ముక్క మీద ఆ పేరు చెక్కించి మా విజయవాడ ఫ్లాటు గుమ్మం పక్కన పెట్టుకోవాలని అత్తయ్యగారి కోరిక. "పెట్టెలో ఉన్న మర చేసేది ఆ పనేనమ్మా, నువ్వే చెయ్యి" అన్నాడు ఫోనులో మావాడు.

దీన్ని సి.ఎన్.సి. రౌటరు అంటారు. పేరుకు బెదరకండి. గిరగిరా తిరుగుతూ చెక్కను తొలిచే చిన్న బిట్టు ఒకటి. దాన్ని కుడి ఎడమలకూ, పైకీ కిందకీ జరిపే మోటార్లు రెండు. చెక్కను బిగించిన బల్లను ముందుకీ వెనక్కీ జరిపే మోటారు ఒకటి. కుట్టుమిషను సూది కింద బట్ట జరిగినట్టు ఇందులో బిట్టు కింద చెక్క జరుగుతుంది. మాది "3018" రకం. అంటే పని జరిగే చోటు 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు అన్నమాట. ఎటు ఎంత జరగాలో కంప్యూటరు అంకెల్లో చెబుతుంది. ఆ అంకెల వరసకే జి-కోడ్ అని పేరు.

అంకెలు చెప్పి మరను నడిపించడం కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టరు రెక్కల వంపులను లెక్కగట్టి, ఆ లెక్కల ప్రకారం మర చేత కోయించాలని తలపెట్టాడు. 1952లో ఎం.ఐ.టి. వారు అలాంటి మరను నడిపి చూపించారు. అప్పుడు అంకెలను కాగితపు పట్టీ మీద చిల్లులుగా పొడిచి ఇచ్చేవారు. ఇప్పుడు మన భోజనాల బల్ల మీద లాప్‌టాప్ చాలు.

నేర్చుకునేవాళ్ళు అన్నిటికన్నా ముందు మనసుకి పట్టించుకోవలసింది ఒకటుంది. ఈ మర గుడ్డిది. చెక్క ఎక్కడుందో, అసలు ఉందో లేదో కూడా దానికి తెలియదు. "ఇదిగో, ఇది సున్నా" అని మనం ఒక చోటు చూపిస్తే, అక్కడి నుంచి ఇన్ని మిల్లీమీటర్లు, అన్ని మిల్లీమీటర్లు అని లెక్కపెట్టుకుంటూ పోతుంది. ముగ్గుకి మొదటి చుక్క వంటిది ఆ సున్నా. పైకీ కిందకీ కూడా సున్నా చూపించాలి. దీనికి ఖరీదైన సాధనాలేవీ అక్కర్లేదు. చెక్క మీద మామూలు కాగితం ముక్క పరచి, తిరగకుండా ఉన్న బిట్టును కొద్దికొద్దిగా దించుతూ కాగితాన్ని అటూ ఇటూ లాగుతూ ఉండాలి. కాగితం పట్టేసినప్పుడు ఆపి అదే సున్నా అని చెప్పాలి. కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. ఈ పనికి ఆ తేడా లెక్కలోకి రాదు.

నేను మొదటిరోజు ఇది చెయ్యకుండా కళ్ళతోనే అంచనా వేశాను. బిట్టు ఒక్కసారిగా చెక్కలోకి దిగి పుటుక్కున విరిగింది. అందుకని ఇప్పుడు ఏ కొత్త పనైనా ముందు గాలిలో ఆడిస్తాను. సున్నాను చెక్కకు ఒక సెంటీమీటరు పైన పెట్టి పని మొత్తం నడిపితే బిట్టు ఎక్కడెక్కడ తిరుగుతుందో, చెక్కను పట్టి ఉంచిన ఇనప క్లాంపులకు తగులుతుందేమో కనిపిస్తుంది.

ఇంకో మాట, ఇది మన ఆడవాళ్ళకి మరీ ముఖ్యం. పమిట వదులుగా వేలాడుతుండగా ఈ మర దగ్గరికి వెళ్ళకండి. పమిట నడుముకి బిగించండి, జడ ముడి వేయండి, గాజులూ మెడలో గొలుసులూ తీసి పక్కన పెట్టండి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే జాకెట్టు లోపలికి వేసుకోండి. చేతికి తొడుగులు వేసుకుంటే మంచిదనుకుంటారు. తిరిగే బిట్టు దగ్గర వాటితోనే ప్రమాదం, గుడ్డను పట్టి చేతిని లాక్కుంటుంది. కళ్ళకి అద్దాలు తప్పవు. పొడికి మాస్కు కట్టుకోవాలి. ఎం.డి.ఎఫ్. అట్టచెక్కలో జిగురు ఉంటుంది కనుక దాని పొడి మరీ చెడ్డది. పొయ్యి మీద పప్పు పెట్టి ఇది నడిపించడం, ఇది నడుస్తుంటే పప్పు చూడబోవడం, రెండూ వద్దు. బిట్టు రాపిడికి చెక్క మాడి నిప్పంటుకునే అవకాశం లేకపోలేదు.

సాధనకి వడ్రంగి దగ్గర మిగిలిపోయిన ముక్కలు తెచ్చుకున్నాను. చెక్క పొట్టు ఎలా రాలుతుందో చూస్తే మర బాగా నడుస్తోందో లేదో తెలుస్తుంది. కొబ్బరికోరులా రాలితే బాగున్నట్టు. పిండిలా రాలుతూ మాడు వాసన వస్తే బిట్టు కొయ్యడం లేదు, రుద్దుతోందని అర్థం. జరిగే వేగం కొంచెం పెంచాలి. మర మూలిగి వణికితే లోతు తగ్గించాలి. మా చిన్న మరకి టేకులో ఒక్కసారికి అర మిల్లీమీటరు లోతే సుఖం. మూడు మిల్లీమీటర్ల లోతు కావాలంటే ఆరుసార్లు తిరగాలి. ఓపిక ఉండాలి మరి. మిక్సీ గంటల తరబడి తిరిగినట్టుంటుంది చప్పుడు. కింది ఫ్లాటువాళ్ళు నిద్రపోయే మధ్యాహ్నం పూట నేను మొదలుపెట్టను.

అక్షరాల దగ్గర ఇంకో పాఠం నేర్చుకున్నాను. తెలుగుని నేరుగా మర సాఫ్ట్‌వేరులో టైపు చేస్తే ఒత్తులూ గుణింతాలూ చెల్లాచెదురయ్యాయి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల ప్రోగ్రాములో రాసి, అక్షరాలను గీతలుగా మార్చి, ఆ బొమ్మను మరకి ఇస్తే సరిపోయింది. గుండ్రని బిట్టుకి లోపలి మూలలు పదునుగా కొయ్యడం రాదు. ఇంగ్లీషు అక్షరాల మూలలు మొద్దుబారతాయి. మన అక్షరాలు గుండ్రనివి కాబట్టి ఆ బాధ తక్కువ. నేను మురిసిపోయి, వేప పలక మీద పేరంతా ఒకసారి చెక్కి అత్తయ్యగారికి చూపించాను. ఆవిడ అద్దాలు సవరించుకుని చదివారు. "రాదా నిలయం! ఏం రాదే? కరెంటా, నీళ్ళా?"

చూద్దును కదా, "ధా" కింద ఉండవలసిన చిన్న గీత లేదు. నా బిట్టు మూడు మిల్లీమీటర్లకి పైన వెడల్పు. ఆ గీత రెండు మిల్లీమీటర్లు. బిట్టు పట్టని చోటును సాఫ్ట్‌వేరు మాట్లాడకుండా వదిలేసింది. అందులో తప్పు దానిది కాదు, నాది. పని మొదలుపెట్టే ముందు తెర మీద చూపించే నమూనా బొమ్మలోనే ఆ గీత లేదు. నేను చూడలేదంతే. తరువాత రామభద్ర అనే లావుపాటి అక్షరాల రకాన్ని ఎంచుకున్నాను. సన్నని చోట్లు కొయ్యడానికి ఒక మిల్లీమీటరు బిట్టు వేరే పెట్టుకున్నాను. బిట్టు మార్చినప్పుడల్లా ఎత్తు సున్నా మళ్ళీ చూపించాలి, మరవకండి. ఒక్కొక్క బిట్టు ఒక్కొక్క పొడుగు.

చివరికి టేకుముక్క బిగించాను. అది ఒక్కటే ముక్క, పోతే మళ్ళీ రాదు. ముందుగానే పలక మూలలో, తరువాత మేకు కొట్టే చోట, సన్నని చిల్లు పొడిచి దాన్నే సున్నా చేసుకున్నాను. ఎందుకు అలా చేశానంటే చెప్పలేను, వడ్రంగి గుర్తు పెట్టుకోవడం చూసిన అలవాటు కావచ్చు. మూడో చుట్టు సగంలో ఉండగా కరెంటు పోయింది!

ఇక్కడ ఒక చిక్కుంది. కరెంటు పోయినా లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. దాని తీగలోంచి వచ్చే కొద్దిపాటి కరెంటుతో మరలో లెక్కలు చూసే చిన్న బోర్డు కూడా మేలుకునే ఉంటుంది. అది అంకెలు లెక్కపెట్టుకుంటూ పోతుంది, మోటార్లేమో నిలబడిపోతాయి. అలాగే వదిలేస్తే కరెంటు తిరిగి రాగానే బిట్టు చెప్పాపెట్టకుండా గిర్రున తిరిగి తప్పు చోట చెక్క తొలుస్తుంది. నాకు ఆ సంగతి మావాడు ముందే చెప్పి ఉండబట్టి, వెంటనే కంప్యూటరులో పని ఆపేసి, మర స్విచ్చి కట్టేసి, ప్లగ్గు పీకేశాను. చెయ్యి వణికిన మాట నిజం.

కరెంటు వచ్చాక క్లాంపులు కదిలించకుండా, బిట్టు కొనను ఆ చిల్లు మీదికి తెచ్చి, కాగితంతో ఎత్తు చూసి, సున్నా మళ్ళీ చూపించి, పని మొదటి నుంచీ నడిపించాను. బిట్టు ఇంతకుముందు చెక్కిన గాళ్ళలోనే ఖాళీగా తిరిగి, ఆగిన చోటికి వచ్చి కొయ్యడం మొదలుపెట్టింది. "ల" దగ్గర వెంట్రుకవాసి జరిగింది. వేలితో తడిమితే తెలుస్తుంది, కంటికి తెలియదు.

కొండపల్లి మాకు దగ్గరే. తెల్ల పొణికి కర్ర మీద అక్కడివాళ్ళ చేతులు చేసే బొమ్మల్లోని వంపులు ఈ మర వల్ల కావు, నేను అంత మాట అనను. ఒకే పేరును అనుకున్న కొలతకి తొలవడం వరకూ దీని పని.

పలకను గరుకు కాగితంతో నున్నచేసి, కుంచెతో పొడి దులిపి అవిసె నూనె పట్టించాను. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడెయ్యకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్ళలో తడిపి ఆరుబయట పరచండి. పలక ఇప్పుడు గుమ్మానికి కుడివైపున ఉంది. అత్తయ్యగారు గుడికి వెళ్ళేటప్పుడు "ధా" కింద గీత ఉందో లేదో వేలితో ఒకసారి చూసుకుని వెళ్తున్నారు.